బానెట్ ఫ్రేము ఊడింది: వెల్డింగా, జిగురా? అన్నిటికంటే గట్టి జిగురు ఏదో చెప్పండి

ఋషికొండ_పాతకారు · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. నాది 2008 నాటి చిన్న పెట్రోల్ కారు. నాన్నగారు కొన్నది, అమ్మే ఉద్దేశం లేదు. హుద్‌హుద్ తుఫాను రోజు, అంటే 2014 అక్టోబరు 12న, మా వీధిలో బాదం కొమ్మ విరిగి సరిగ్గా బానెట్ మీద పడింది. ఆ నెల ఊళ్లో సగం కార్లది అదే కథ కాబట్టి టింకరింగ్ చేసేవాళ్లు దొరకడమే గగనమైపోయింది. దొరికినాయన గ్యాస్ మంట పెట్టి, సుత్తితో సరిచేసి, పుట్టీ రాసి రంగు కొట్టి ఇచ్చాడు. పైకి ఇప్పటికీ బాగానే ఉంది.

లోపల కథ వేరు. ఆనందపురం వైపు హైవే మీద ఎనభై దాటితే బానెట్ మధ్యలో రేకు దడదడలాడుతోంది. ఎదురుగా లారీ వస్తే ఆ ఊగడం సీట్లో కూర్చున్న నాకే కనిపిస్తోంది. మొన్న తెరిచి చూశాను. పై రేకుకీ కింది ఫ్రేముకీ మధ్య ఉండే నల్ల బంక మైసూర్‌పాక్ ముక్కలా పొడిపొడిగా రాలిపోతోంది. పైగా ముందంచున పై రేకుని ఫ్రేము మీదికి మడత పెడతారు కదా, ఆ మడత ఎడమవైపు జానెడు మేర విచ్చుకుంది. రూపాయి బిళ్ల దూరుతోంది. లోపల తుప్పు కూడా మొదలైంది.

అదే చేత్తో ఇంకోటి కనిపెట్టాను. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని పట్టి ఉంచే అల్యూమినియం బ్రాకెట్ చెవి దగ్గర వెంట్రుకంత పగులు.

వెల్డింగాయన నాలుగు చోట్ల ట్యాకింగ్ పెట్టేస్తాను, రంగు మళ్లీ కొట్టించుకోండి అన్నాడు. మళ్లీ రంగు అంటే టెన్షన్. లోహాన్ని లోహానికి అతికించే జిగుర్లలో అన్నిటికంటే గట్టిది ఏది? రెండు పనులకీ ఒకటే కొనేద్దామని.

గాజువాక_కుర్రోడు · శనివారం రాత్రి 9:20

అన్నా, ఫెవిక్విక్ ఉండగా దిగులెందుకు. ఒక్క చుక్క. నా బైక్ నంబర్ ప్లేట్ ఏడాదిగా దానిమీదే ఉంది.

ఆటోనగర్_టింకర్ · శనివారం రాత్రి 9:41

ఏటి బాబూ, నంబర్ ప్లేటూ బానెట్టూ ఒకటేనా? పెద్దాయన వంద స్పీడులో వెళ్తుండగా ఆ రేకు లేచి అద్దం మీద కొడితే ఎవరిది పూచీ?

ఋషికొండ గారూ, ఇరవై రెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఇనుముకి ఇనుమే అతుకు. సీఓటూ వెల్డింగ్‌తో మడత దగ్గర చిన్న చిన్న చుక్కలు పెట్టి గ్రైండింగ్ చేయించుకోండి. జిగురు అనేది గాజులకీ ప్లాస్టిక్‌కీ.

ఉక్కునగరం_రిటైర్డ్ · శనివారం రాత్రి 10:05

టింకర్ గారి అనుభవానికి దణ్ణం. కానీ ఒక్క మాట. ఆ బానెట్ రేకు మందం ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. దాని మీద వెల్డింగ్ చుక్క పెడితే చుట్టూ రేకు వేడికి అలలు తేలుతుంది, పైన రంగు మాడుతుంది. అది సరిచేసుకోవచ్చు. సరిచేసుకోలేనిది లోపలివైపు. మడత లోపల ఫ్యాక్టరీ వేసిన ప్రైమర్ కాలిపోతుంది, అక్కడికి మళ్లీ బ్రష్ వెళ్లదు. ఋషికొండ గాలికి ఆ బోడి ఇనుము ఎన్ని వానాకాలాలు ఆగుతుంది? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

అసలు ఆ మడత ఫ్యాక్టరీలో కూడా జిగురుతోనే కలుస్తుంది. మడిచే ముందు లోపల ఎపాక్సీ అనే గట్టి జిగురు గీత వేస్తారు. రంగు ఆరబెట్టే ఓవెన్‌లో 170, 180 డిగ్రీల దగ్గర రంగుతో పాటే అదీ గట్టిపడుతుంది. కాబట్టి జిగురు అంటే చిన్నచూపు వద్దు.

గాజువాక_కుర్రోడు · శనివారం రాత్రి 10:11

అవును, లోటస్ ఎలీజ్ అని 1996లో వచ్చిన స్పోర్ట్స్ కారు. దాని అల్యూమినియం ఛాసిస్ మొత్తం ఎపాక్సీతో అంటించిందే. వెల్డింగ్ చేసుంటే ఆ గొట్టాలు ఇంకా మందంగా పెట్టాల్సి వచ్చేదట. ఫెవిక్విక్ మాట వెనక్కి తీసుకుంటున్నా 🙂

ఆటోనగర్_టింకర్ · శనివారం రాత్రి 10:18

ఆ కారు మన ఎన్‌ఏడీ జంక్షన్ గోతుల్లో తిరిగిందా?

కెమిస్ట్రీ_మేడమ్ · ఆదివారం ఉదయం 7:30

చదివి నవ్వుకున్నాను. ఋషికొండ గారూ, అన్నిటికంటే గట్టి జిగురు ఏది అని అడిగారు. ఎటువైపు లాగితే గట్టిది అని తిరిగి అడగాలి.

పెనం మీద దోసె గుర్తు చేసుకోండి. అరచేత్తో పక్కకి నెట్టండి, కదలదు. నిట్టనిలువునా పైకి లాగండి, రాదు, చిరుగుతుంది. అట్లకాడ అంచు కిందికి దూర్చి లేపితే మొత్తం దోసె ఊడొస్తుంది. జిగురు అతుకు కూడా అంతే. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి జారబోతుంటే భారమంతా అతుకు మొత్తం పంచుకుంటుంది. అంచు పట్టుకుని ఒలిస్తే భారమంతా ఒక్క గీత మీద పడుతుంది. ఆ గీత తెగగానే పక్క గీత. ఎంత గట్టి ఎపాక్సీ అయినా పెళుసుది అయితే ఒలిస్తే ఓడిపోతుంది. కార్లకి వాడే మంచి ఎపాక్సీలో రబ్బరు రేణువులు కలిపేది అందుకే. పగులు ఆ రేణువు దగ్గరికొచ్చి ఆగుతుంది.

మీ మడత అతుకు చూస్తే జారుడు ఎక్కువ, ఒలుపు తక్కువ. జిగురుకి అనువైన చోటే. మధ్యలో ఊగే రేకు సంగతి వేరు, తర్వాత చెబుతాను, పప్పు పొంగుతోంది.

ఉక్కునగరం_రిటైర్డ్ · ఆదివారం ఉదయం 8:02

మేడమ్ పప్పు దించేలోపు బ్రాకెట్ గురించి చెప్పేస్తాను. దానికి జిగురు వద్దు. ఏ జిగురూ వద్దు. బెల్టు లాగుడు, ఇంజను అదురు, పక్కనే వేడి, పైన ఆయిల్. నాలుగూ కలిసి ఉన్న చోట పగులు మీద పూసిన ముద్ద కంటికి నచ్చుతుందే గానీ, లోపల పగులు దాని దారిన అది పోతూనే ఉంటుంది. చెవి విరిగితే బెల్టు జారుతుంది, ఛార్జింగ్ పోతుంది. చాలా ఇంజన్లలో నీళ్ల పంపు కూడా ఆ బెల్టు మీదే ఉంటుంది.

పాత సామాను షాపులో అదే బ్రాకెట్ వెతకండి. దొరక్కపోతే ఆర్గాన్ వెల్డింగ్, అది కూడా తీసి, ఆయిల్ పూర్తిగా కడిగి, అల్యూమినియం మీద చెయ్యి తిరిగినవాడి దగ్గర.

ప్లాంటులో పంపు కేసింగ్ అరిగిన చోట మెటల్ పుట్టీ ఎన్నిసార్లు వేశామో లెక్కలేదు. అది గుంత పూడ్చడానికి. భారం మోయడానికి ఒక్కసారీ వాడలేదు.

భీమిలి_డీజిల్ · ఆదివారం ఉదయం 9:47

నా అనుభవం కూడా చెప్పాలి, నవ్వకండి. జీపు వెనక తలుపు లోపలి రేకుకి రెండు ట్యూబుల జిగురు కలిపి వేశాను. వారమైనా గోరు దిగుతోంది, గట్టిపడలేదు. తొందరగా ఆరాలని గట్టిపరిచే ట్యూబు కాస్త ఎక్కువే పోశాను. సరుకు మంచిది కాదేమో అనుకుని షాపులో తగువు పెట్టుకున్నాను కూడా.

కెమిస్ట్రీ_మేడమ్ · ఆదివారం ఉదయం 10:15

భీమిలి గారూ, ఆ షాపాయనకి ఒక టీ బాకీ ఉన్నారు.

బాడీ పుట్టీకి ఎర్ర క్రీము కలుపుతారు చూడండి, అక్కడ క్రీము కాస్త పెంచితే తొందరగా బిగుస్తుంది, తగ్గిస్తే నెమ్మది. అక్కడ క్రీము తోడు లాంటిది. ఎపాక్సీలో అలా కాదు. రెండు భాగాలూ ఒకదానితో ఒకటి చేతులు కలిపి గొలుసు కడతాయి. ఒకవైపు చేతులు ఎక్కువైతే పట్టుకోవడానికి ఎదుటివైపు చెయ్యి ఉండదు. మిగిలింది జిగటగానే ఉండిపోతుంది, నెల ఆగినా అంతే. గీకేసి మళ్లీ చేయడమే దారి.

ఆటోనగర్_టింకర్ · ఆదివారం ఉదయం 10:31

ఇది మాత్రం నిజం మేడమ్. మా దగ్గరికొచ్చే కుర్రాళ్లందరూ పుట్టీ అలవాటుతో ఇందులో కూడా పెంచేస్తారు.

మర్రిపాలెం_బుల్లెట్ · ఆదివారం ఉదయం 11:05

కలిపే లెక్క మీద నాకో అనుమానం. అరాల్డైట్ డబ్బాల్లో రెండోది చిన్నగా ఉంటుంది. ఒకరు సగం సగం అంటారు, ఒకరు వందకి ఎనభై అంటారు. ఏది నిజం?

ఉక్కునగరం_రిటైర్డ్ · ఆదివారం ఉదయం 11:22

రెండూ నిజమే. మామూలు అరాల్డైట్, అదే పరిశ్రమల్లో ఏడబ్ల్యూ 106, హెచ్‌వీ 953 అని పిలిచే జంట, తూకం వేస్తే వందకి ఎనభై. చెంచాతో కొలిస్తే సమానం. రెండోది తేలిక, అందుకే తేడా. తక్కెడ మీద సగం సగం తూచినవాడు చెడతాడు, చెంచాతో వందకి ఎనభై కొలిచినవాడూ చెడతాడు. తెలియకపోతే గాజు పలక మీద రెండు గీతలు పక్కపక్కన ఒకే పొడవు, ఒకే లావు పిండి కలిపేయండి. వేరే జిగురుకి వేరే లెక్క ఉంటుంది, డబ్బా మీద చూసుకోవాలి.

ఈ అరాల్డైట్ మొదట స్విస్ కంపెనీ సీబాది, చేతులు మారి మారి 2020లో ఇక్కడి వ్యాపారం పిడిలైట్ కొనుక్కుంది. అంటే ఫెవికాల్, ఎమ్‌సీల్, అరాల్డైట్ ఇప్పుడు ఒకే ఇంట్లో అన్నదమ్ములు.

ఋషికొండ_పాతకారు · ఆదివారం మధ్యాహ్నం 1:40

బ్రాకెట్ విషయం ఒప్పుకున్నాను, పాత సామానులో వెతుకుతాను. ఇప్పుడు బానెట్. దుకాణంలో నాలుగు చూపించాడు. అరాల్డైట్, ఎమ్‌సీల్, స్టీల్ పొడి కలిపిన అమెరికన్ ఎపాక్సీ జేబీ వెల్డ్, ఇంకా పేరు తెలియని అక్రిలిక్ జిగురు ఒకటి. స్టీల్ పొడి ఉన్నది తీసుకోబోయి ఆగాను. ఇనుముకి ఇనుము కలిసినదే మంచిది కదా?

కెమిస్ట్రీ_మేడమ్ · ఆదివారం మధ్యాహ్నం 3:20

పప్పన్నం అయింది, చెబుతాను.

స్టీల్ పొడి కలిపితే జిగురు ఉక్కు అయిపోదు. ఆ పొడి కుంచించుకుపోకుండా చూస్తుంది, ఆరాక ఆకురాయికి, డ్రిల్లుకి అనువుగా ఉంటుంది, వేడి తట్టుకోవడంలో ఆ జాతి జిగుర్లు మెరుగే. పట్టు మాత్రం ఎపాక్సీదే. గుంత నింపాలంటే అది బాగుంటుంది. మడతలోకి పలుచగా పాకాలంటే మామూలు ఎపాక్సీయే పాకుతుంది. ఎమ్‌సీల్ ముద్ద రకం. చిల్లు మూయడానికి, కారుతున్న చోట అదమడానికి. మడత లోపలికి వెళ్లదు.

అక్రిలిక్ అంటే మిథైల్ మెథాక్రిలేట్ రకం అయ్యుంటుంది. ఘాటైన వాసన, నిమిషాల్లో బిగుసుకుంటుంది, కాస్త జిడ్డున్నా సర్దుకుపోతుంది, ఒలుపుకి కూడా బాగా తట్టుకుంటుంది. కానీ మొదటిసారి చేసేవాళ్లకి ఆ తొందరే శత్రువు. మన ఎండలో ఇంకా తొందర. అన్ని క్లాంపులూ బిగించేలోపు చేతిలోనే రాయి అయిపోతుంది.

వేడి సంగతి. ఇంట్లో ఆరే ఎపాక్సీల్లో చాలావరకు 60, 80 డిగ్రీల మధ్య మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో ముదురు రంగు బానెట్, కింద ఇంజను, ఆ దరిదాపుల్లోకి వెళ్తుంది. కాబట్టి డబ్బా మీద ఎంత వేడి వరకు అని రాసింది చూడకుండా కొనొద్దు. సైలెన్సర్‌కి ఎపాక్సీ అడిగేవాళ్లూ ఉంటారు, అక్కడ ఆ లెక్కలేవీ పనికిరావు, వెల్డింగే.

ఆటోనగర్_టింకర్ · ఆదివారం సాయంత్రం 5:02

సరే, జిగురే అనుకుందాం. ఆ మధ్యలో ఊగే రేకుకి కూడా ఈ ఎపాక్సీయే పోయమంటారా? పోస్తే నెల తిరక్కుండా పైన రంగు మీద చారలు కనబడతాయి. నేను చూశాను.

ఉక్కునగరం_రిటైర్డ్ · ఆదివారం సాయంత్రం 5:30

ఇదీ మాట. ఈ థ్రెడ్ మొత్తంలో అసలు పాయింట్ టింకర్ గారే చెప్పారు.

మధ్యలో ఉండే నల్ల బంక రేకుని పట్టి ఉంచడానికి కాదు, అదురు మింగడానికి. అది మెత్తగానే ఉండాలి. అక్కడ గట్టి ఎపాక్సీ వేస్తే అది కుంచించుకున్నప్పుడు, ఎండకి రేకు సాగినప్పుడు ఆ పలుచటి రేకుని లోపలికి లాగుతుంది. పైనుంచి ఏటవాలు వెలుతురులో చూస్తే ఫ్రేము గీతలన్నీ తేలతాయి. గట్టి జిగురు తప్పు జిగురు అయ్యే చోటు అదే.

అక్కడికి పాలియురెథేన్ సీలెంట్ వేయండి. ముందద్దం అంటించే జాతిది, రబ్బరులా ఉంటుంది. బారుగా పిండకండి, జానెడుకొకటి ఉసిరికాయంత ముద్దలు పెట్టండి. ఫ్రేము రేకుని తాకీ తాకనట్టు ఉండాలి, నొక్కి బిగించొద్దు.

కెమిస్ట్రీ_మేడమ్ · ఆదివారం సాయంత్రం 5:48

దీనికి మన ఊరి గాలి ఒక వరం. పాలియురెథేన్ గాలిలో తేమ తాగి గట్టిపడుతుంది. అదే తేమ ఎపాక్సీకి శాపం. గట్టిపరిచే భాగం తడిగాలిని పీల్చి పైన జిడ్డు పొర కడుతుంది. రెండూ ఒకే రోజు చేయకండి.

సిలికాన్ అని ఎవరైనా సలహా ఇస్తే ముందు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే బోడి ఇనుము దగ్గరికి తేవద్దు. ఆరేటప్పుడు వదిలే ఆమ్లం తుప్పుకి తలుపు తీస్తుంది.

గాజువాక_కుర్రోడు · ఆదివారం రాత్రి 8:10

బోల్టులకి వేసే నీలం రంగు లాక్‌టైట్ ఇందులోకి పనికిరాదా? నా దగ్గర సీసా ఉంది, సగమే ఉంది, షాపువాడు మోసం చేశాడు.

మర్రిపాలెం_బుల్లెట్ · ఆదివారం రాత్రి 8:25

మోసం కాదు తమ్ముడూ. ఆ సీసాలు సగమే నింపుతారు. లోపల గాలి ఉంటేనే అది ద్రవంగా ఉంటుంది. గాలి అందని చోట, లోహం తగిలితే గట్టిపడుతుంది. మర చుట్ల మధ్య పనికొస్తుంది, రేకుల మధ్య కాదు, అంచుల్లో గాలి తగిలిన దగ్గరల్లా తడిగా ఉండిపోతుంది. బుల్లెట్ అదురుకి నా బండిలో సగం బోల్టులకి అదే దిక్కు. ఎరుపు రంగుది మాత్రం ఆలోచించి వేయాలి, మళ్లీ విప్పాలంటే మంట పెట్టాల్సి వస్తుంది.

ఋషికొండ_పాతకారు · ఆదివారం రాత్రి 9:00

అయితే ఖాయం. మడతకి ఎపాక్సీ, మధ్యలో పాలియురెథేన్, బ్రాకెట్ కొత్తది. శుభ్రం చేయడం ఎలాగో చెప్పండి. పెట్రోల్‌తో తుడిచేస్తే చాలా?

ఉక్కునగరం_రిటైర్డ్ · ఆదివారం రాత్రి 9:34

పెట్రోల్, కిరోసిన్ వద్దు. ఎగిరిపోయాక జిడ్డు మిగులుస్తాయి. గోళ్ల రంగు తుడిచేదీ వద్దు, అందులో నూనె కలుపుతారు. పెయింట్ షాపులో అసిటోన్ అడగండి, లేదా సెల్‌ఫోన్ రిపేరు వాళ్లు వాడే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పక్కన బీడీ, సిగరెట్ ఉండకూడదు.

ముందు తుడవండి. తర్వాత గీకండి. మళ్లీ తుడవండి. ముందే గీకితే జిడ్డుని గీతల్లోకి నూరినట్టు అవుతుంది. మడత లోపలికి వేలు దూరదు కాబట్టి రంపం బ్లేడుకి 80 నంబర్ ఎమ్రీ కాగితం చుట్టి లాగండి. తుప్పు, రంగు, పాత బంక అన్నీ పోయి తెల్లటి ఇనుము కనబడాలి. రంగు మీద అంటిస్తే ఆ పట్టు రంగుకీ రేకుకీ మధ్య ఉన్న పట్టు అంతే.

శుభ్రం అయిందో లేదో తెలియాలంటే నీళ్లు చిలకరించండి. తామరాకు మీద బొట్లలా నిలిస్తే ఇంకా జిడ్డుంది. పొరలా పరుచుకుంటే అయింది. వెంటనే ఆరబెట్టి గంటలోపు జిగురు వేసేయాలి. మీ ఋషికొండలో బోడి ఇనుము సాయంత్రం వదిలి పొద్దున చూస్తే గోధుమరంగు పట్టేస్తుంది.

క్లాంపులు మరీ గట్టిగా బిగించకండి, జిగురంతా బయటికొచ్చేసి అతుకు ఎండిపోతుంది. పావు మిల్లీమీటరు సందు ఉండాలి. దానికో చిట్కా. ఫిషింగ్ హార్బర్ దగ్గర గాలం నైలాన్ దారం పావు మిల్లీమీటరుది అడగండి. అంగుళం ముక్కలు కోసి జిగురులో అక్కడక్కడా వేయండి. ఎంత బిగించినా ఆ సందు ఆగుతుంది.

కెమిస్ట్రీ_మేడమ్ · ఆదివారం రాత్రి 9:50

చేతికి తొడుగులు వేసుకోండి. పచ్చి ఎపాక్సీ ఒంటికి పదేపదే తగిలితే కొందరికి జీవితాంతం ఎలర్జీ పట్టుకుంటుంది. ఒకేసారి గిన్నెడు కలపొద్దు, పెద్ద ముద్ద తన వేడికి తనే ఉడికి ముందే బిగుసుకుంటుంది. పలక మీద పలుచగా పరిచి కలపండి. అసలు కారు మీద పెట్టే ముందు రెండు రేకు ముక్కల మీద పరీక్ష చేసుకోండి.

ఋషికొండ_పాతకారు · తర్వాతి శనివారం సాయంత్రం 6:15

పరీక్ష చేశాను. అంగుళం వెడల్పు రేకు ముక్కలు రెండు, అర అంగుళం మేర ఒకదాని మీద ఒకటి. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడంతా ఎండలో ఉంచి, డాబా కమ్మీకి కట్టి కింద ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ నిండుగా వేలాడదీశాను. ఉలకదు పలకదు. అన్నిటికంటే గట్టి జిగురు దొరికేసింది!

కెమిస్ట్రీ_మేడమ్ · తర్వాతి శనివారం రాత్రి 7:02

సంతోషం, కానీ ఆ పరీక్షలో అది ఓడిపోదు. మీ అతుకు వైశాల్యం మూడొందల పైచిలుకు చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకి ఒక్క కిలో పట్టు ఉన్నా మూడొందల కిలోలు మోయాలి. ఇరవై లీటర్లు దానికి లెక్కే కాదు. ఇంకో జత చేయండి. ఈసారి రెండు రేకుల చివరలూ ఎల్ ఆకారంలో బయటికి వంచి, వంపులని చెరోవైపు లాగేలా వేలాడదీయండి. దోసె అంచు.

ఋషికొండ_పాతకారు · ఆదివారం రాత్రి 10:40

మేడమ్, క్యాన్ ఖాళీగా కట్టి మగ్గుతో పోయడం మొదలుపెట్టాను. సగం నిండేసరికి చిన్నగా టిక్ టిక్ అని వినిపించింది. చూస్తుండగానే ఒక చివర నుంచి సన్నటి గీతలా విచ్చుకుంటూ వెళ్లి, ఒక్కసారిగా క్యాన్ కింద. కింది వాటా వాళ్లు సిలిండర్ పేలిందనుకుని బయటికొచ్చారు. అదే జిగురు, అదే రేకు, అదే చెయ్యి.

మడత చివర ఒలుపు ఆపడానికి ఏమైనా వేయాలా?

ఆటోనగర్_టింకర్ · ఆదివారం రాత్రి 11:05

ఇప్పుడు నా అవసరం వచ్చిందన్నమాట. విచ్చుకున్న మేరకి రెండు చివరలా లోపలి వైపు నుంచి ఒక్కో చిన్న పాప్ రివెట్ వేయండి, పై రేకుకి తగలకుండా ఫ్రేము, మడత మాత్రమే పట్టేలా. దోసె అంచుకి మేకు కొట్టినట్టు. జిగురు తడిగా ఉన్నప్పుడే వేస్తే రివెట్ చుట్టూ కూడా నిండి ఉప్పుగాలి వెళ్లదు. మంట లేదు, రంగు పోదు. రివెట్ స్టీల్‌దే కొనండి, అల్యూమినియం రివెట్ స్టీల్ రేకు మీద మన సముద్రం గాలికి తెల్లటి పిండి కట్టి తినేస్తుంది. ఎలా వేయాలో తెలియకపోతే తెచ్చేయండి, జిగురు మీరే పూసుకోండి, రివెట్ నేను కొడతాను.

ఋషికొండ_పాతకారు · మూడు వారాల తర్వాత, గురువారం రాత్రి 8:20

అప్‌డేట్. బ్రాకెట్ పాత సామానులో దొరికింది. బానెట్ విప్పి బోర్లా దుప్పటి మీద పెట్టి చేశాం. టింకర్ గారి చేతే రివెట్లు. ఎమ్రీ లాగడానికే రెండు గంటలు పట్టింది, జిగురు పని పావుగంట. నీళ్ల పరీక్షలో మూడుసార్లు బొట్లు నిలిచాయి, నాలుగోసారి పరుచుకుంది. వారం తర్వాత మధ్యలో పాలియురెథేన్ ముద్దలు. నిన్న ఆనందపురం దాకా వెళ్లొచ్చాను, దడదడ లేదు. సాయంత్రం ఏటవాలు వెలుతురులో చూశాను, చారలు లేవు. ఒక చోట మాత్రం జిగురు కారి రంగు మీద గోరంత మరక పడింది, టేపు వేయడం మర్చిపోయాను.

భీమిలి_డీజిల్ · గురువారం రాత్రి 8:44

నా జీపు తలుపు కూడా గీకేసి మళ్లీ చేశాను, ఈసారి సమానంగా. రాయిలా ఉంది. షాపాయనకి టీ ఇప్పించాను, ఆయన సమోసా కూడా తెప్పించుకున్నాడు. ఋషికొండ గారూ, ఆ మొదటి క్యాన్ ఇంకా వేలాడుతోందా?

ఋషికొండ_పాతకారు · గురువారం రాత్రి 8:51

వేలాడుతూనే ఉంది. మా ఆవిడకి ఆ క్యాన్ కావాలట, రోజూ అడుగుతోంది. విప్పాలంటే తాడు కోయాలి.